‘24 వోల్టులే కదా’: ప్రమాద ప్రాంతాల్లో ఇంట్రిన్సిక్ సేఫ్ వైరింగ్ ఎక్కడ దారి తప్పుతుంది?

క్లుప్తంగా: పెట్రోలు ఆవిరి, గ్యాసు, మండే దుమ్ము ఉండే చోట బిగించే కొలత పరికరాలకు ‘ఇంట్రిన్సిక్ సేఫ్’ రక్షణ (రవ్వ పుట్టినా గ్యాసును వెలిగించలేనంతగా శక్తిని తగ్గించి ఉంచే పద్ధతి, పొట్టిగా ‘ఐఎస్’) పరికరం ఒక్కదానితో రాదు. కంట్రోల్ రూమ్‌లో శక్తిని కట్టడి చేసే బ్యారియర్, మధ్యలో కేబుల్, చివర పరికరం, ఈ మూడింటి లెక్క కలిసి కుదరాలి. లెక్క తప్పినా రీడింగ్ మామూలుగానే వస్తుంది కాబట్టి తప్పు ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు.

కొండపల్లి వైపు చమురు ట్యాంకుల మీద మట్టాన్ని కొలిచి సంకేతంగా పంపే లెవెల్ ట్రాన్స్‌మిటర్లు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో జనరేటర్లను చల్లబరిచే హైడ్రోజన్ లైన్ల మీద పీడన పరికరాలు, గుంటూరు కోల్డ్ స్టోరేజీల మెషిన్ రూముల్లో అమోనియా సెన్సర్లు. ఇలాంటి వాటికి వెళ్లే వైరు చూడ్డానికి ఒకేలా ఉంటుంది: సన్నటి జత, 24 వోల్టుల డీసీ, 4 నుంచి 20 మిల్లీఆంపుల కరెంటు. అందుకే వైరింగ్ పనిలో ఉన్నవారి నోట ‘24 వోల్టులే కదా, షాక్ కూడా కొట్టదు’ అనే మాట తరచూ వినిపిస్తుంది.

షాక్ కొట్టదన్నది నిజమే. కానీ ఒంటికి తగిలే దెబ్బ లెక్క వేరు, గ్యాసు అంటుకునే లెక్క వేరు. గాలితో సరైన పాళ్లలో కలిసిన మీథేన్‌ను వెలిగించడానికి దాదాపు 0.28 మిల్లీజౌళ్ల శక్తి చాలు. ప్రొపేన్‌కు 0.25 దాకా కావాలి. హైడ్రోజన్‌కు 0.02 సరిపోతుంది. మామూలు 24 వోల్టుల పవర్ సప్లైలో 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ (విద్యుత్తును నిలవచేసే భాగం) ఉందనుకుంటే అందులో నిలవుండే శక్తి 28.8 మిల్లీజౌళ్లు. అంటే మీథేన్‌కు కావలసిన దానికి వంద రెట్లు, హైడ్రోజన్‌కు కావలసిన దానికి 1,400 రెట్లకు పైనే. వైరు ఒకసారి షార్టయితే ఆ శక్తి ఆ నిప్పురవ్వలోకి రావచ్చు.

2009 అక్టోబర్ 29న జైపూర్ సమీపంలోని సీతాపుర చమురు టెర్మినల్‌లో పెట్రోలు గంటకు పైగా కారి, ఆవిరి మేఘంలా కమ్ముకుని పేలింది. 11 మంది చనిపోయారు. విచారణ కమిటీ నిప్పు ఎక్కడ పుట్టి ఉండవచ్చో చెబుతూ రెండు అవకాశాలు చూపింది: పరిపాలన భవనంలోని ఫ్లేమ్‌ప్రూఫ్ కాని విద్యుత్ పరికరం, లేదా స్టార్ట్ చేసిన ఒక వాహనం. పెట్రోలు కారడానికి కారణం పూర్తిగా వేరే. కానీ కారిన తర్వాత ఏం జరగాలో తేల్చింది మాత్రం ఇలాంటి చిన్న రవ్వే.

గనిలో మోగిన గంట

ఈ విధానం పుట్టింది బొగ్గు గనుల్లో. 1913 అక్టోబర్ 14న వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో జరిగిన పేలుడులో 439 మంది కార్మికులు చనిపోయారు. కారణాన్ని కచ్చితంగా తేల్చలేకపోయినా, అనుమానితుల్లో విద్యుత్ గంటల సంకేత వ్యవస్థ ఉంది. అప్పటి గనుల్లో సొరంగం వెంట రెండు వట్టి తీగలు వేలాడేవి. వాటిని చేత్తోనో పనిముట్టుతోనో కలిపితే దూరంగా గంట మోగేది. నడిపించేది బ్యాటరీయే కాబట్టి ప్రమాదం లేదనుకున్నారు. ఇప్పటి ‘24 వోల్టులే కదా’కు అది తాతమాట.

తర్వాతి పరిశోధనల్లో చిక్కు గంటలోని కాయిల్‌దని తేలింది. తీగలు కలిసి ఉన్నంతసేపూ కాయిల్ చుట్టూ అయస్కాంత క్షేత్రంగా శక్తి నిలవుంటుంది. తీగలు విడిపోయిన క్షణంలో అది రవ్వగా బయటికి వస్తుంది. ఒక హెన్రీ కాయిల్‌లో 100 మిల్లీఆంపులు పారుతుంటే నిలవుండే శక్తి 5 మిల్లీజౌళ్లు. బ్యాటరీ వోల్టేజీ ఎంత తక్కువన్నది దీనికి పట్టదు.

అక్కడి నుంచే ఇంట్రిన్సిక్ సేఫ్టీ మూలసూత్రం వచ్చింది: వైరు తెగినా, షార్టయినా, నేలకు తగిలినా పుట్టే రవ్వకు, వేడెక్కే భాగానికి గ్యాసును వెలిగించే సత్తువ లేకుండా శక్తిని ముందే కట్టడి చేయాలి.

ఫ్లేమ్‌ప్రూఫ్‌తో కలగాపులగం

విజయవాడ ఆటోనగర్‌లో ప్యానెళ్లు కట్టించేవారి నుంచి డిపోల్లో కాంట్రాక్టు పని చేసేవారి దాకా అన్నిటికీ వాడే మాట ‘ఫ్లేమ్‌ప్రూఫ్’. మాట ఒకటే కావడంతో పద్ధతులు కూడా ఒకటేనన్న భ్రమ ఏర్పడింది. నిజానికి రెండూ ఎదురుబొదురు ఆలోచనలు.

ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె లోపల పేలుడు జరిగినా జరగవచ్చు. గోడ మందంగా ఉంటుంది. మూతకూ పెట్టెకూ మధ్య సన్నని లోహపు అంచుల గుండా బయటికి వచ్చే మంట దారిలోనే చల్లబడుతుంది. ఒక బోల్టు లేకపోయినా, అంచు గీరుకుపోయినా, కేబుల్ లోపలికి వెళ్లే చోట బిగించే గ్లాండ్ సరిపోలకపోయినా రక్షణ పోతుంది. కరెంటు ఉండగా మూత తెరవకూడదు. మోటార్లకు, లైట్లకు ఇదే దారి, ఎందుకంటే వాటికి కావలసిన శక్తిని తగ్గించడం కుదరదు.

ఐఎస్ లూప్‌లో, అంటే బ్యారియర్, కేబుల్, పరికరం కలిసిన సర్క్యూట్‌లో, అసలు పేలుడే పుట్టకూడదు. పెట్టె ప్లాస్టిక్‌ది కావచ్చు, మూత తెరిచే ఉండవచ్చు, లైవ్‌లో వైరు విప్పి సర్దవచ్చు. దీనికి చెల్లించే మూల్యం పవర్: లూప్‌కు దక్కేది సుమారు ఒక వాట్. ట్రాన్స్‌మిటరుకు, ప్రాక్సిమిటీ స్విచ్‌కు, చిన్న సొలినాయిడ్‌కు అది చాలు.

పిడకల వేటలా కనిపించినా మరో గందరగోళం కూడా ఇక్కడుంది. మన దగ్గర ‘ఐఎస్’ అంటే ఇండియన్ స్టాండర్డ్ కూడా. ‘ఐఎస్ ఉందా?’ అని స్టోర్‌లో అడిగితే కేబుల్ మీది ఐఎస్ఐ మార్కు చూపించి ఉందనడంలో వింత లేదు. కేబుల్ ప్రమాణాలకు తగ్గట్టు తయారైంది అనడానికి ఆ మార్కు సరిపోతుంది; లూప్ సురక్షితమో కాదో దానికి తెలియదు.

ట్యాగ్ మీది అక్షరాలు, కృష్ణా తీరపు ఎండ

పరికరం ట్యాగ్ మీద ‘ఎక్స్ ఐఏ టూసీ టీ4’ (Ex ia IIC T4) అని ఉందనుకుంటే ఒక్కో ముక్కకూ ఒక అర్థం. ‘ఎక్స్’ అంటే పేలుడు ప్రమాదం ఉన్న చోటికి తయారైనదని. ‘ఐఏ’ అంటే రెండు లోపాలు ఒకేసారి వచ్చినా సురక్షితమని. ఆవిరి ఎప్పుడూ ఉండే జోన్ 0కు, అంటే ట్యాంకు లోపలి ఖాళీకి కూడా పనికొస్తుంది. ‘ఐబీ’ ఒక లోపాన్ని తట్టుకుంటుంది, ఆవిరి మామూలు పనిలో అప్పుడప్పుడు రాగల జోన్ 1 దాకా. ‘ఐసీ’ మామూలు స్థితికి మాత్రమే, ఆవిరి అరుదుగా, కాసేపే ఉండే జోన్ 2 వరకు. ‘టూసీ’ గ్యాసు గుంపు: హైడ్రోజన్, ఎసిటిలీన్. ‘టూబీ’ అంటే ఇథిలీన్ తరహా, ‘టూఏ’ అంటే ప్రొపేన్, పెట్రోలు తరహా. ‘టీ4’ అంటే పైభాగం 135 డిగ్రీలు దాటదని.

అందరూ చదవకుండా వదిలేసేది ఆ తర్వాతి వరస. పరిసర ఉష్ణోగ్రత విడిగా రాయకపోతే ఆ సర్టిఫికెట్ మైనస్ 20 నుంచి 40 డిగ్రీల మధ్యే వర్తిస్తుంది. మే నెలలో విజయవాడలో నీడలోనే 44, 45 డిగ్రీలు నమోదు కావడం కొత్త కాదు. రెంటచింతల సంగతి చెప్పనక్కర్లేదు. ట్యాంకు కప్పు మీద ఎండ నేరుగా పడే అల్యూమినియం డబ్బా ఇంకా వేడెక్కుతుంది. ట్యాగ్ మీద 60 డిగ్రీలో 70 డిగ్రీలో స్పష్టంగా రాసి ఉన్న పరికరాన్నే ఎంచుకోవాలి, లేదంటే దానికి గొడుగులా రేకు కప్పాలి. చలిదేశపు ప్రాజెక్టు స్పెసిఫికేషన్‌ను కాపీ చేసి తెచ్చిన టెండరులో ఈ అంకె సరిగ్గా కనబడదు.

బ్యారియర్ లోపల, ఎర్త్ చివర

కంట్రోల్ రూమ్ ప్యానెల్‌లో లోహపు పట్టీ మీద వరసగా బిగించే సన్నటి దిమ్మె జీనర్ బ్యారియర్. లోపల ఒక ఫ్యూజు, జీనర్ డయోడ్లు, ఒక రెసిస్టరు. ఎక్కువగా కనిపించే రకం మీద 28 వోల్టులు, 93 మిల్లీఆంపులు, 300 ఓమ్‌లు అని ఉంటుంది. పొరపాటున ప్యానెల్‌లోని 230 వోల్టులు ఇటువైపు కలిసినా జీనర్లు వోల్టేజీని 28 దగ్గర ఆపి మిగతాదాన్ని ఎర్త్‌కు మళ్లిస్తాయి. ఆ లోపు ఫ్యూజు ఎగిరిపోతుంది. రెసిస్టరు కరెంటును కట్టడి చేస్తుంది. ఫ్యూజు పోయిన బ్యారియర్‌ను విప్పి బాగుచేయడం ఉండదు, పారేయడమే.

ఎర్త్‌కు మళ్లించడం అన్నది ఈ రక్షణకు గుండెకాయ. బ్యారియర్ ఎర్త్ బార్ నుంచి ప్లాంటు ప్రధాన విద్యుత్ ఎర్త్ పాయింటు దాకా నిరోధం ఒక ఓమ్‌కు మించకూడదు. ఈ నియమాన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు: ‘ఐఎస్ ఎర్త్’ అనగానే విడిగా ఒక గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, మట్టి నిరోధం కొలుస్తారు. గుంటూరు, కృష్ణా నల్లరేగడి వానాకాలంలో తడిగా ఉన్నప్పుడు మంచి రీడింగే ఇస్తుంది. వేసవిలో పగుళ్లిచ్చి ఎలక్ట్రోడు నుంచి దూరం జరుగుతుంది. అసలు కొలవాల్సింది మట్టిని కాదు, రెండు ఎర్త్‌లను కలిపే రాగి తీగను. ఆ తీగ కలపకుండా విడి గుంతతో వదిలేస్తే, లేదా కలిపిన చోట తుప్పు పట్టి దారిలో 5 ఓమ్‌లు ఉంటే, ఫ్యూజు ఎగిరే లోపు 20 ఆంపుల ఫాల్ట్ కరెంటు పారిందనుకుందాం. ఎర్త్ బార్ ప్లాంటు ఇనుప కట్టడం కన్నా 100 వోల్టుల పైకి లేస్తుంది. బ్యారియర్ 28కి పరిమితం చేశాననుకుంటూనే ఉంటుంది, ఫీల్డ్‌లో మాత్రం ట్యాంకు గోడకూ వైరుకూ మధ్య వంద వోల్టులు నిలబడతాయి.

ఈ తలనొప్పి తప్పించడానికే గాల్వానిక్ ఐసొలేటర్లు వచ్చాయి. ట్రాన్స్‌ఫార్మరు, కాంతితో సంకేతం పంపే ఆప్టోకప్లరు ద్వారా ఇటూ అటూ విద్యుత్ బంధం లేకుండా సంకేతాన్ని దాటిస్తాయి. వాటికి ఈ ప్రత్యేక ఎర్త్ అక్కర్లేదు. ధర ఎక్కువ, కొత్త ప్లాంట్లలో వాడకం కూడా ఎక్కువే.

కేబుల్ కూడా ఒక కెపాసిటరే

బ్యారియర్ సర్టిఫికెట్‌లో అయిదు అంకెలుంటాయి: గరిష్ఠ వోల్టేజీ, కరెంటు, పవర్, తట్టుకోగల కెపాసిటెన్స్ (కెపాసిటర్‌లా శక్తిని నిలవచేసే గుణం), తట్టుకోగల ఇండక్టెన్స్ (కాయిల్‌లా నిలవచేసే గుణం). పరికరం సర్టిఫికెట్‌లోనూ వీటికి జోడీలుంటాయి. పరికరం తట్టుకునే వోల్టేజీ, కరెంటు, పవర్ బ్యారియర్ ఇచ్చే వాటికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. కెపాసిటెన్స్, ఇండక్టెన్స్‌ల విషయంలో పరికరానిది, కేబుల్‌ది కలిపి బ్యారియర్ ఇచ్చిన హద్దు దాటకూడదు.

కేబుల్ వివరాలు తెలియనప్పుడు మీటరుకు 200 పికోఫారడ్లు, ఒక మైక్రోహెన్రీ చొప్పున తీసుకోవచ్చని అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ వారి 60079-14 ప్రమాణం అనుమతిస్తుంది. వెయ్యి పికోఫారడ్లు ఒక నానోఫారడ్. 28 వోల్టుల బ్యారియర్‌కు హైడ్రోజన్ గుంపులో హద్దు 83 నానోఫారడ్లు. ట్రాన్స్‌మిటరు లోపలి కెపాసిటెన్స్ 10 అనుకుంటే:

300 మీటర్ల కేబుల్‌కు 60, ట్రాన్స్‌మిటరుకు 10, మొత్తం 70. సరిపోతుంది.

400 మీటర్లకు 80, ట్రాన్స్‌మిటరుకు 10, మొత్తం 90. హద్దు దాటింది.

అదే బ్యారియర్, అదే ట్రాన్స్‌మిటరు పెట్రోలు డిపోలో అయితే? టూఏ గుంపుకు హద్దు 2,150 నానోఫారడ్లు. కేబుల్ పది కిలోమీటర్లున్నా ఇబ్బంది లేదు. డిపోలో ఏళ్ల తరబడి పనిచేసి అనుభవం సంపాదించినవారు హైడ్రోజన్ ఉన్న చోటికి వచ్చి ‘ఇంత దూరం ఎప్పుడూ లాగుతూనే ఉన్నాం’ అనడంలో అబద్ధం లేదు. గ్యాసు మారింది, అంతే.

బ్యారియర్‌ను ఎవరు, ఎందుకు తీసేస్తారు?

నిర్లక్ష్యం అనేసి ఊరుకుంటే అసలు కారణం దొరకదు. బ్యారియర్ వోల్టేజీ తింటుంది. 300 ఓమ్‌ల బ్యారియర్‌లో ఫ్యూజుతో కలిపి దాదాపు 340 ఓమ్‌లుంటాయి. కంట్రోల్ రూమ్‌లో కొలత కోసం 250 ఓమ్‌లు. 300 మీటర్ల 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి జత మరో 7. మొత్తం సుమారు 597 ఓమ్‌లు. 20 మిల్లీఆంపుల దగ్గర ఇందులోనే దాదాపు 12 వోల్టులు పోతాయి. సప్లై 24 ఉంటే ట్రాన్స్‌మిటరుకు మిగిలేది మరో 12.

ఇప్పుడు సప్లై 23కు తగ్గిందనుకుందాం. కనీసం 12 వోల్టులు అడిగే ట్రాన్స్‌మిటరుకు 18.4 మిల్లీఆంపుల దాకానే ఊపిరి ఆడుతుంది. 4 మిల్లీఆంపులంటే ఖాళీ ట్యాంకు, 20 అంటే నిండు ట్యాంకు. అంటే ట్యాంకు 90 శాతం వరకు రీడింగ్ సరిగ్గా వస్తుంది, ఆ పైన అక్కడే తచ్చాడుతుంది. సగం ట్యాంకు మీద చేసిన పరీక్షలో ఏ లోపమూ కనబడదు. రాత్రి షిఫ్టులో ట్యాంకు నిండుతుండగా స్క్రీన్ మీద అంకె కదలకపోతే టెక్నీషియన్ వచ్చి ఒకటొకటిగా తప్పించి చూస్తాడు. బ్యారియర్‌ను పక్కన పెట్టి రెండు వైర్లు నేరుగా కలపగానే రీడింగ్ పరుగెత్తుతుంది. ‘బ్యారియర్ పోయింది’ అని లాగ్‌బుక్‌లో రాస్తారు. స్పేర్ వచ్చేదాకా అన్న ఆ జంపరు అక్కడే స్థిరపడుతుంది.

లెవెల్ అంకె ఆగిపోవడం చిన్న విషయం అనుకోవడానికి వీల్లేదు. 2005 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో ట్యాంకు మట్టం చూపే గేజి ఒక చోట ఆగిపోయింది. ట్యాంకు నిండితే పంపింగ్ ఆపాల్సిన విడి స్విచ్ కూడా పనిచేయలేదు. పెట్రోలు పొర్లి ఆవిరి పేలింది. అక్కడి గేజి ఆగడానికి కారణం బ్యారియర్ కాదు. కానీ జంపరు వేసే టెక్నీషియన్ భయపడేది ఆ పొర్లుడుకే. ఒక ప్రమాదాన్ని తప్పించబోయి రెండోదానికి తలుపు తీయడం ఇందులో ఉంది. సప్లైని సరిచేయడం, తక్కువ వోల్టేజీతో నడిచే ట్రాన్స్‌మిటరు పెట్టడం, ఐసొలేటరుకు మారడం లాంటి పరిష్కారాలన్నీ డిజైన్ దశవి, రాత్రి షిఫ్టులో దొరికేవి కావు.

జంక్షన్ బాక్స్ (జేబీ) మూత తెరిస్తే

ట్యాంకు అడుగున గోడకు బిగించిన జంక్షన్ బాక్స్ ఒకటి ఊహించుకుందాం. నీలం రంగు తొడుగున్న కేబుళ్లు కింద నుంచి వస్తాయి. ఐఎస్ సర్క్యూట్లను గుర్తించే లేత నీలం అదే. లోపల నీలం టెర్మినళ్ల వరస. పక్కనే ఖాళీ ఉంది కదా అని హూటరు లైను కోసం తెచ్చిన నల్ల కేబుల్ జత అదే పెట్టెలో, రెండు వేళ్ల దూరంలో బిగించి ఉంది. ఐఎస్ టెర్మినల్‌కూ మామూలు టెర్మినల్‌కూ మధ్య 50 మిల్లీమీటర్ల దూరమో, సరైన అడ్డుగోడో ఉండాలి. ఒక పోగు వంగి పక్కకు తాకితే 230 వోల్టులు ఫీల్డ్ వైపు నుంచే లూప్‌లోకి వస్తాయి. బ్యారియర్ కాపలా కాసేది కంట్రోల్ రూమ్ వైపు ద్వారం మాత్రమే. ఈ దారిలో వచ్చినదాన్ని అది ఆపలేదు. ఒకే మల్టీకోర్ కేబుల్‌లో ఐఎస్, మామూలు సర్క్యూట్లను కలపకూడదనడానికి కారణమూ ఇదే.

నీరు మరో సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలా మునిగిన జేబీ ఆరిన తర్వాత రీడింగ్ మళ్లీ రావచ్చు. టెర్మినళ్ల మధ్య మిగిలిన ఒండ్రు పొర మాత్రం తేమ తగిలినప్పుడల్లా రెండు సర్క్యూట్ల మధ్య సన్నని దారి అవుతుంది. రీడింగ్ వచ్చిందని మూత వేయడం కన్నా, రెండు చివరలా పరికరాన్నీ బ్యారియర్‌నూ విప్పి ఇన్సులేషన్ పరీక్షించడమే ఇక్కడ పని.

పరీక్షించే పనిముట్టు సంగతి కూడా అంతే. ఐఎస్ లూప్‌ను లైవ్‌లో విప్పవచ్చన్న వెసులుబాటు జేబులోని మామూలు మల్టీమీటరుకు, టార్చి వెలిగించిన ఫోనుకు వర్తించదు. వాటికీ అదే సర్టిఫికెట్ కావాలి.

గుంటూరు లెక్క కాస్త వేరు

మిర్చి కోల్డ్ స్టోరేజీల అమోనియా తేలిగ్గా అంటుకోదు. గాలిలో 15 నుంచి 28 శాతం మధ్యే మండుతుంది, అదీ బలమైన రవ్వ ఉంటేనే. అంతకు చాలా ముందే, 0.03 శాతం దగ్గరే, అది ప్రాణానికి, ఆరోగ్యానికి ముప్పు తెచ్చే స్థాయి. అందుకే ఇక్కడ అసలు ప్రశ్న ఒకటే: లీకైనప్పుడు మెషిన్ రూము కరెంటంతా కట్ చేసినా, సెన్సరూ గాలి లాగే ఫ్యానూ నడుస్తూనే ఉండాలి. గ్యాసులో నిలబడి పనిచేసేవి అవే కాబట్టి ఆ రెంటికీ రక్షణ పద్ధతి తప్పనిసరి. ఇంకో చిన్న మెలిక: అమోనియా ఇత్తడిని, రాగిని తింటుంది. డిపోలో ఏళ్లు నిలిచే ఇత్తడి గ్లాండు ఇక్కడ పగుళ్లిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుది మేలు.

జిన్నింగ్ మిల్లుల్లో గ్యాసు లేదు, దూది నలుసుంది. ప్రమాణాల్లో దానికి త్రీఏ అనే విడి గుంపు ఉంది. గ్యాసుకు సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఆ పరికరం దుమ్ముకు పనికిరాదు. దుమ్ములో రవ్వ కన్నా వేడి ముఖ్యం: పరికరం మీద పేరుకున్న అయిదు మిల్లీమీటర్ల పొర అంటుకునే ఉష్ణోగ్రత కన్నా 75 డిగ్రీలు తక్కువగా పైభాగం ఉండాలి. పొర అంతకన్నా మందమైతే వేడి బయటికి పోక ఈ లెక్క కూడా చాలదు. చీపురు కూడా ఇక్కడ రక్షణలో భాగమే.

కాగితం ఎవరి దగ్గరుంది?

పెట్రోలియం ప్రాంతాల్లో వాడే ఇలాంటి పరికరాలకు నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న, పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ పెసో ఆమోదం, ఐఎస్/ఐఈసీ 60079 వరస (ఇక్కడ ‘ఐఎస్’ అంటే ఇండియన్ స్టాండర్డ్) ప్రకారం ప్రయోగశాల పరీక్ష ఉండాలి. ఇవి విడి పరికరాలకు. థర్మోకపుల్, మామూలు స్విచ్ లాంటి సాదా వస్తువులకు విడి సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు, కానీ వాటి లూప్‌కు బ్యారియర్ తప్పదు. లూప్ మొత్తానికి లెక్క చూపించే కాగితం ప్లాంటే తయారుచేసుకోవాలి: ఏ బ్యారియర్, ఏ పరికరం, ఎన్ని మీటర్ల కేబుల్, ఏ గ్యాసు గుంపు. ప్రాజెక్టు అప్పగించే రోజు ఆ ఫైలు ఉంటుంది. అయిదేళ్లకు ట్రాన్స్‌మిటరు పాడై, అదే రేంజి ఉన్న వేరే కంపెనీది బిగించేటప్పుడు ఆ ఫైలు తెరవడం అరుదు.

పైన చూసిన 300 మీటర్ల హైడ్రోజన్ లూప్‌లో పాత ట్రాన్స్‌మిటరు కెపాసిటెన్స్ 10 నానోఫారడ్లు. కొత్తదాని ట్యాగ్ మీద 22 అని ఉందనుకుందాం. కేబుల్ 60, ట్రాన్స్‌మిటరు 22, మొత్తం 82. హద్దు 83. మిగిలిన ఆ ఒక్క నానోఫారడ్ అయిదు మీటర్ల కేబుల్‌తో సమానం. రేపు అవసరపడుతుందని జేబీ పక్కన చుట్ట చుట్టి వదిలే కేబుల్ చాలాసార్లు అంతకన్నా పొడుగే ఉంటుంది.